ఎర్రబడ్డ ట్యూబ్‌ది తప్పు కాదు

గత సెమిస్టర్‌లో మా మ్యూజిక్ క్లబ్ నాలుగు వేల పైచిలుకు ఖర్చుపెట్టి ఒక జత ట్యూబులు కొంది. పెట్టి స్విచ్ వేసిన రెండు నిమిషాలకి వాటిలో ఒకటి ఎర్రగా కాలడం మొదలుపెట్టింది. చుట్టూ నిలబడి చూస్తున్న ఐదుగురం ఈసీఈ వాళ్ళమే. అందులో ముగ్గురికి ఈడీసీలో మంచి గ్రేడ్ వచ్చింది. అయినా అది ఎందుకు ఎర్రబడుతోందో ఒక్కడికీ తెలియలేదు. తెలిసిందల్లా పరిగెత్తుకెళ్ళి స్విచ్ ఆపడం.

ఆ రోజు నుంచీ నన్ను ఒక ప్రశ్న తినేస్తోంది. నాలుగేళ్ళు సర్క్యూట్లు చదివే మనం, పాడైన సర్క్యూట్ ముందు ఎందుకలా బొమ్మల్లా నిలబడిపోతాం? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనకి పనిచేసే వస్తువుని చూపించి చదువు చెప్తున్నారు. పనిచేయని వస్తువుని ఒక్కసారి కూడా చేతికివ్వడం లేదు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ఆ యాంప్లిఫయర్ కథ మొత్తం చెప్పాలి.

అది మా సీనియర్ ఒకాయన విదేశాలకి వెళ్తూ క్లబ్‌కి ఇచ్చిపోయిన గిటార్ యాంప్. పదిహేను వాట్లది. పేరుకి పదిహేనే గానీ ఆడిటోరియం చివరి వరస దాకా వినిపించేది. లోపల ఐసీలు లేవు, గాజు ట్యూబులున్నాయి. ముందు వరసలో 12ఏఎక్స్7 అనే చిన్నవి మూడు, వెనక ఈఎల్84 అనేవి రెండు. చిన్నవి గిటార్ నుంచి వచ్చే మిల్లీవోల్టుల సిగ్నల్‌ని పెంచుతాయి. చివరి రెండూ స్పీకర్‌ని కదిలించేంత బలం ఇస్తాయి. ట్రాన్సిస్టర్ పుట్టింది 1947లో. కానీ ఎనభై ఏళ్ళు కావస్తున్నా గిటార్ వాయించేవాళ్ళు ఈ గాజు బుడ్లని వదలడం లేదు. కారణం, వీటిని గట్టిగా వాయిస్తే గొంతు పగిలే తీరు చెవికి ఇంపుగా ఉంటుంది. అందుకే ఇప్పటికీ రష్యాలో, స్లోవేకియాలో, చైనాలో వీటిని తయారు చేస్తూనే ఉన్నారు. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కూడా ఒకప్పుడు రేడియో ట్యూబులు తయారయ్యేవి.

యానివర్సరీకి మూడు వారాలుందనగా యాంప్ గొంతు మారింది. వాల్యూమ్ తగ్గిపోయింది. నాబ్ ఏడు మీద పెట్టినా మునుపటి మూడంత కూడా రావడం లేదు. వచ్చే కాస్త శబ్దం కూడా శుభ్రంగా లేదు.

ఇక్కడే మొదటి చిక్కు. మా లీడ్ గిటారిస్ట్ “డిస్టార్షన్ వస్తోంది” అన్నాడు. డ్రమ్మర్ నవ్వాడు. “గిటార్ యాంప్‌లో డిస్టార్షన్ రాకపోతే బాధపడాలిగానీ, వస్తే బాధేంటిరా?” అన్నాడు. నిజమే మరి. 1964లో కింక్స్ బ్యాండ్‌కి చెందిన డేవ్ డేవిస్ తన చిన్న యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోసి మరీ ఆ గరుకు శబ్దం రాబట్టుకున్నాడు. రాక్ సంగీతంలో డిస్టార్షన్ అంటే కోరి తెచ్చుకునే రోగం. మరి మాకొచ్చింది కోరుకున్నదా, కోరనిదా? ఆ తేడా చెప్పడానికి మా దగ్గర మాట లేదు. మాటలేని చోట చేసేదేముంది, చేతికందింది మార్చడమే.

“ట్యూబ్ యాంప్ కదా, ట్యూబులే పోయుంటాయి” అన్నారెవరో. ఎవరూ కాదనలేదు. ట్యూబులు అరిగేవే, అది అబద్ధం కాదు. చందాలు వేసుకున్నాం, తెప్పించాం, పెట్టాం. ఒక నిమిషం పాటు బ్రహ్మాండంగా మోగింది. మేం చప్పట్లు కూడా కొట్టాం. రెండో నిమిషంలో గొంతు మళ్ళీ బొంగురుపోయింది. వెనక జాలీలోంచి చూస్తే, కుడివైపు ట్యూబ్ లోపలి ప్లేట్ మీద ఎర్రటి మచ్చ పాకుతోంది. ట్యూబ్ కింద ఎప్పుడూ కనిపించే నారింజ వెలుగు ఫిలమెంట్‌ది, దానితో భయం లేదు. ఈ ఎరుపు వేరు. కొలిమిలో ఇనుములాగా పైదాకా లోహమే ఎర్రబడుతోంది.

“ట్యూబ్ డిఫెక్టివ్ రా, రిటర్న్ పెట్టేద్దాం” అన్నాడు మా బేస్ గిటారిస్ట్.

ఆ మాట వినగానే నాకు మన ల్యాబ్ గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. సీఆర్‌ఓలో వేవ్‌ఫామ్ రాదు. మనం చెయ్యెత్తుతాం. ల్యాబ్ అసిస్టెంట్ గారు వచ్చి ప్రోబ్ మారుస్తారు. రాకపోతే వైర్లు మారుస్తారు. అయినా రాకపోతే, “ఆ కిట్ పోయింది, పక్క కిట్ తీసుకోండి” అంటారు. పక్క కిట్‌లో వేవ్‌ఫామ్ వస్తుంది. మనం హమ్మయ్య అనుకుని గ్రాఫ్ గీసేస్తాం. ‘ప్రికాషన్స్: లూజ్ కనెక్షన్స్ లేకుండా చూసుకోవలెను’ అని సీనియర్ రికార్డులోంచి దించేస్తాం. రిజల్ట్ దగ్గర ‘వెరిఫైడ్’ అని రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ పోయిన కిట్‌కి ఏమైందో ఎవరూ అడగరు. అది బీరువా మీదకి వెళ్తుంది. మా డిపార్ట్‌మెంట్‌లో అలాంటి కిట్లు బీరువా మీద దుమ్ము తాగుతూ వరసగా ఉన్నాయి. నా దృష్టిలో మన ల్యాబ్‌లో అసలైన పాఠాలు అవే. మనమేమో కింద ఉన్న వాటితో కుస్తీ పడుతున్నాం.

సరే, కథలోకి వస్తాను. మా నాన్నకి తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు సినిమా హాళ్ళ యాంప్లిఫయర్లు, పెళ్ళిళ్ళ మైక్ సెట్లు బాగుచేసేవారు. ఇప్పుడు షాపు మూసేశారు, ఇంట్లోనే ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, పాత డబ్బాలు. యాంప్‌ని ఆటోలో వేసుకుని తీసుకెళ్ళాం. ఆయన మూత విప్పలేదు. కనీసం ప్లగ్ కూడా పెట్టలేదు. కుర్చీలో కూచుని మమ్మల్నే అడిగారు.

“ఏవయ్యా, ఎలా పాడయింది?”

“డిస్టార్షన్ తాతగారూ. వాల్యూమ్ కూడా తక్కువగా వస్తోంది.”

“డిస్టార్షన్ అంటే ఏంటి? బొంగురా, గరగరా, చిటపటా, రొదా?”

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఓపిగ్గా విడమరిచారు. వాయించినప్పుడు మాత్రమే, ముఖ్యంగా మంద్రంలో, ఏదో రాసుకుంటున్నట్టు గరగర వస్తే ముందు స్పీకర్‌ని అనుమానించాలి. వాయిస్ కాయిల్ పక్కకి జరిగి రాసుకుంటుండొచ్చు, కోన్ చిరిగుండొచ్చు. వాయించకపోయినా చిటపటలాడితే పాత రెసిస్టరో, వదులైన సోల్డరో. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే కరకరలాడితే ఆ నాబ్ కింద దుమ్ము. ఆగకుండా బుంయ్‌మని రొద వస్తే పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, రెక్టిఫై అయ్యాక ఆ రొద 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. గొంతు పట్టేసినట్టు బొంగురుపోయి, బలం కూడా తగ్గితే, సిగ్నల్ దారిలో ఎక్కడో ఒక దశ తన సరైన వోల్టేజీ మీద నిలబడటం లేదని అర్థం.

“బొంగురే తాతగారూ. మొదటి నిమిషం బాగుంటుంది, తర్వాత బొంగురుపోతుంది.”

“అదీ! ‘మొదటి నిమిషం బాగుంటుంది’ అన్నావు చూడు, సగం రిపేరు ఆ ముక్కలోనే ఉంది” అన్నారు. వేడెక్కాక వచ్చే జబ్బంటే వేడికి మారే వస్తువు ఏదో ఉందన్నమాట.

ఈ పత్రిక తెలుగు సాహిత్య క్లబ్‌ది కాబట్టి ఒక మాట ఆగి చెప్పాలి. మనం ‘డిస్టార్షన్’ అనే ఒక్క ముద్ర వేసేసిన చోట, ఆ పెద్దాయన దగ్గర అరడజను తెలుగు మాటలున్నాయి. ఒక్కో మాట ఒక్కో భాగం వైపు వేలు చూపిస్తుంది. ఇంగ్లీషు మాట వాడటం తప్పని నేననడం లేదు. విన్నది విన్నట్టు చెప్పకుండా, పుస్తకంలో ఉన్న పెద్ద మాటతో కప్పేయడమే తప్పంటున్నాను. వ్యాధి లక్షణం సరిగ్గా చెప్పలేని రోగికి డాక్టర్ మాత్రం ఏం చేస్తాడు?

తర్వాత ఆయన చేసిన పనులు వరసగా రాస్తాను. ఎందుకంటే ఆ వరసే అసలు విద్య.

ముందు వేరే గిటార్, వేరే కేబుల్ పెట్టి చూశారు. అదే బొంగురు. తర్వాత యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ అని రెండు జాక్‌లుంటాయి. ముందు దశల నుంచి బయటికొచ్చే సిగ్నల్‌ని ‘సెండ్’ జాక్ దగ్గర పట్టుకోవచ్చు. అక్కడి నుంచి తన మైక్ సెట్‌కి కలిపారు. శుభ్రంగా మోగింది! అంటే గిటార్ నుంచి ఆ జాక్ దాకా ఉన్నదంతా ఆరోగ్యంగా ఉంది. ఒక్క వైరు ముక్కతో సగం యాంప్‌ని అనుమానితుల లిస్టులోంచి కొట్టేశారు. తర్వాత యాంప్‌కి వేరే స్పీకర్ తగిలించారు. అప్పుడూ బొంగురే. స్పీకర్ కూడా నిర్దోషి. ఇక మిగిలింది చివరి దశ. ఇంతవరకూ ఒక్క స్క్రూ విప్పలేదు.

మూత తీసే ముందు ఆయన గొంతు మారింది. “ఇది మీ పన్నెండు వోల్టుల బోర్డు కాదు బాబూ, మూడొందలుంటాయి. ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లు పట్టుకునే ఉంటాయి.” ప్లగ్ తీసి, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక పెద్ద రెసిస్టర్‌ని కెపాసిటర్‌కి అడ్డంగా తగిలించి, మీటర్ సున్నాకి దిగేదాకా చూశాకే చెయ్యి పెట్టారు. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఎడమచెయ్యి జేబులోకి వెళ్ళిపోయేది. రెండు చేతుల మధ్య గుండె ఉంటుంది కదా. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ని ఎప్పుడూ ఆన్ చేయొద్దన్నారు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. మొదటిసారి ఆన్ చేసింది కూడా సీరీస్ బల్బు బోర్డు మీద. యాంప్‌తో వరసలో వంద వాట్ల ఫిలమెంట్ బల్బు. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, యాంప్ బతికిపోతుంది. మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన చిట్కాయే ఇది. కానీ ఏ ల్యాబ్ మాన్యువల్‌లోనూ నాకు కనిపించలేదు. (ఒక విన్నపం: ఇది చదివి మీ దగ్గరున్న ట్యూబ్ సెట్ విప్పకండి. అనుభవమున్న మనిషి పక్కన లేకుండా మేం కూడా ముట్టుకోలేదు.)

అప్పుడు వేశారు అసలు ఎత్తు. రెండు ఈఎల్84లనీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టారు. “ఇప్పుడు చూడండి. ఎరుపు ట్యూబ్‌తో పాటు ఎడమకి వెళ్తుందా, కుడి సాకెట్లోనే ఉండిపోతుందా?”

ఊపిరి బిగబట్టి చూశాం. ఎరుపు కుడివైపే వచ్చింది. ఇంతకుముందు హాయిగా ఉన్న ట్యూబ్ ఇప్పుడు ఎర్రబడుతోంది. ఎర్రబడ్డది ఎడమవైపు చల్లగా కూర్చుంది. “తీసెయ్, తీసెయ్” అని స్విచ్ ఆపారు. పైసా ఖర్చు లేదు. ట్యూబుల తప్పేం లేదని తేలిపోయింది. వాటి చేత ఆ తప్పు చేయిస్తున్నది కుడి సాకెట్ దగ్గర ఎక్కడో ఉంది. చందాలు పోగేసే ముందు ఇదే పని పాత జతతో చేసి ఉంటే, మా నాలుగు వేలు మిగిలేవి.

ఇక మీటర్. ఈ యాంప్‌లో ఈఎల్84 గ్రిడ్ దగ్గర డీసీ వోల్టేజీ సున్నా ఉండాలి. ఎడమవైపు సున్నా ఉంది. కుడివైపు ప్లస్ 9 వోల్టులు! ఆ ట్యూబ్ తీసేసి, ఖాళీ సాకెట్ మీద మళ్ళీ కొలిపించారు. దాదాపు అంతే ఉంది. ట్యూబ్ వల్ల వచ్చే వోల్టేజీ అయితే ట్యూబ్ తీయగానే పోవాలి. పోలేదంటే బయట నుంచి వస్తోంది. గ్రిడ్‌కి వచ్చే దారి ఒక్కటే, ముందు దశ నుంచి కప్లింగ్ కెపాసిటర్ మీదుగా. దానికి అవతలి వైపు సుమారు 200 వోల్టుల డీసీ ఉంటుంది. ఆ డీసీని ఆపి, సిగ్నల్‌ని మాత్రమే పోనివ్వడం కెపాసిటర్ పని.

“కప్లింగ్ కెపాసిటర్ పని ఏమి?” రెండు మార్కుల ప్రశ్న. “డీసీని ఆపును, ఏసీని పంపును.” మనందరం రాశాం, రెండుకి రెండు వచ్చాయి. ఆ జవాబు అబద్ధమైన రోజున ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. మా యాంప్‌లో ఏమైందో చూడండి.

రెండు ట్యూబుల కేథోడ్‌లూ ఒకే 130 ఓమ్ రెసిస్టర్ మీదుగా గ్రౌండ్‌కి వెళ్తాయి. మామూలుగా దాని మీద పదిన్నర వోల్టులుంటుంది. అంటే ఇద్దరికీ కలిపి 80 మిల్లీ ఆంపియర్ల చిల్లర, చెరి సగం. గ్రిడ్ సున్నాలో ఉంటే కేథోడ్ కన్నా పదిన్నర వోల్టులు కిందున్నట్టు లెక్క. ఆ తేడాయే ట్యూబ్‌కి కళ్ళెం. కుడి గ్రిడ్ 9 వోల్టులు పైకి లేచేసరికి దాని కళ్ళెం వదులైంది. ఇష్టమొచ్చినట్టు కరెంట్ లాగడం మొదలుపెట్టింది. దాంతో ఉమ్మడి రెసిస్టర్ మీద వోల్టేజీ 14.6కి ఎక్కింది, అంటే 112 మిల్లీ ఆంపియర్లు. ఇప్పుడు కుడి ట్యూబ్‌కి కళ్ళెం 14.6లోంచి 9 పోగా ఐదున్నర వోల్టులే. పాపం ఎడమ ట్యూబ్‌కి మాత్రం మొత్తం 14.6 పడింది. అది దాదాపు నోరు మూసుకుంది.

పెద్ద దుంగ కోసే రంపం చూశారా? ఇద్దరు చెరోవైపు లాగాలి. ఒకడు పూనకం వచ్చినట్టు బిగపట్టుకుని నిలబడిపోతే, రెండోవాడికి లాగే సందు దొరకదు. రంపం కదలదు, కదిలినా సాఫీగా కోయదు. వాల్యూమ్ తగ్గడం, గొంతు బొంగురుపోవడం మాకు రెండు రోగాల్లా కనిపించాయి. నిజానికి ఒకటే కారణం. ఇక ఎరుపు సంగతి: ఈఎల్84 ప్లేట్ 12 వాట్ల వేడి భరించేలా తయారైంది. మేం లెక్క వేస్తే దానికి దాదాపు రెట్టింపు పడుతోంది. ఎర్రబడక ఏం చేస్తుంది?

కెపాసిటర్ కాలు ఊడదీసి మా మల్టీమీటర్‌తో చూశాం. 22 నానోఫారడ్ ఉండాలి, అంతే ఉంది. ఓమ్స్‌లో పెడితే ఓపెన్ చూపించింది. “ఇది బాగానే ఉంది కదా తాతగారూ!” అన్నాన్నేను కొంచెం గర్వంగానే. ఆయన నవ్వారు. “నీ మీటర్ దాని మీద పెట్టేది ఒకటో రెండో వోల్టులు. ఒక వోల్టు దగ్గర ఎవడైనా మంచోడే బాబూ. రెండొందల దగ్గర అడుగు.”

కెపాసిటర్ ఒక కాలు సర్క్యూట్‌లోనే ఉంచి, ఊడిన కాలికీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టించి ఆన్ చేశారు. మంచి కెపాసిటర్ అయితే రీడింగ్ ఒక్కసారి ఎగిరి సున్నా వైపు దిగిపోవాలి. ఇది 130 దాటి అక్కడే కూర్చుంది. గ్రిడ్ దగ్గరి 9 వోల్టులు, 220 కిలో ఓమ్ గ్రిడ్ రెసిస్టర్. ఓమ్స్ లా వేస్తే 41 మైక్రో ఆంపియర్లు కారుతున్నాయి. అంటే ఆ కెపాసిటర్ లోపల సుమారు 4.7 మెగా ఓమ్‌ల దొంగ దారి ఉంది. మీటర్ సొంత రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. 200 వోల్టులు ఆ రెండింటి మధ్యా పంచుకుంటే మీటర్ వాటాకి 136 రావాలి. వచ్చింది! పుస్తకంలో ఉన్న ఓమ్స్ లా ఒక నేరాన్ని రుజువు చేయడం నేను అదే మొదటిసారి చూశాను. మూడేళ్ళ చదువులో ఆ పది నిమిషాల్లో కలిగినంత ఆనందం ఏ ల్యాబ్‌లోనూ కలగలేదు.

రెండు వైపులా కొత్త కెపాసిటర్లు వేశారు, 630 వోల్టులవి. రెండూ కలిపి మా క్యాంటీన్‌లో రెండు ప్లేట్ల పూరీ ఖరీదు కూడా కాదు. గ్రిడ్‌లు రెండూ సున్నా, కేథోడ్ 10.6. యాంప్ గొంతు విప్పింది. కొత్త ట్యూబులు బతికాయి. మేం పారేద్దామనుకున్న పాత జతలో ఒకటి ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. ఎర్రబడి ఎర్రబడి అలిసిపోయింది రెండోది.

ఇప్పుడు నా వాదనకి వస్తాను.

ఆయన వాడిన సిద్ధాంతంలో మనకి తెలియనిది ఏముంది? ఓమ్స్ లా, బయాస్, కప్లింగ్, పుష్‌పుల్. అన్నీ సెకండ్ ఇయర్ సిలబస్సే. ట్యూబ్ బదులు ట్రాన్సిస్టర్ అనుకోండి, అంతే తేడా. మన దగ్గర లేనిది జ్ఞానం కాదు, దాన్ని వెనక నుంచి నడిపించే అలవాటు. మనం ఎప్పుడూ కారణం నుంచి ఫలితానికి వెళ్తాం: ఈ విలువలు ఇస్తే గెయిన్ ఎంత? ఆయన ఫలితం నుంచి కారణానికి వెళ్ళారు: గొంతు ఇలా ఉంది, ఏది తప్పయితే ఇలా ఉంటుంది? బయట ఉద్యోగంలో ఎదురయ్యేవి చాలావరకు ఈ రెండో రకం ప్రశ్నలే. కోడ్ రాసే మిత్రుల్ని అడగండి, వాళ్ళ రోజులో డీబగ్గింగ్ ఎంత తినేస్తుందో చెప్తారు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, ఎందుకంటే మా ల్యాబ్ సార్‌ని నేనే అడిగాను. ఆయన చెప్పింది కూడా కొట్టిపారేసేది కాదు. “అరవై మంది, మూడు గంటలు, పన్నెండు ప్రయోగాలు పూర్తి చేయాలి. పాడైన బోర్డు ఇస్తే సగం మందికి ఔట్‌పుట్ రాదు. ఔట్‌పుట్ రాకపోతే మార్కులు దేనికి వేయాలి?” అన్నారు.

మార్కులు వెతికిన తీరుకి వేయండి సార్, అంటాను నేను. కొత్త పరికరాలు అక్కర్లేదు, మూడొందల వోల్టులు అసలే అక్కర్లేదు. అందరం చేసే సీఈ యాంప్లిఫయరే తీసుకుందాం. 12 వోల్టుల సప్లై, బేస్‌కి 47కే, 10కే డివైడర్, కలెక్టర్‌లో 2.2కే, ఎమిటర్‌లో 470 ఓమ్. బేస్ దగ్గర 2.1, ఎమిటర్ దగ్గర 1.4, కలెక్టర్ దగ్గర 5.4 వోల్టులు రావాలి. ఇందులో ఆ 10కే కాలు ఒకటి ఎవరికీ కనపడకుండా ఊడదీసి ఇవ్వండి. బేస్ పైకి లేస్తుంది, ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లోకి పోతుంది, కలెక్టర్ 2.3 దాకా పడిపోతుంది. ఔట్‌పుట్ చిన్నదైపోయి, ఆకారం చెడిపోతుంది. అచ్చం మా యాంప్ రోగమే, పాతిక రూపాయల బోర్డు మీద! ఎమిటర్ బైపాస్ కెపాసిటర్ ఊడదీస్తే ఇంకో రకం: డీసీ రీడింగులు అన్నీ సరిగ్గా ఉంటాయి, గెయిన్ మాత్రం పడిపోతుంది. ఈ రెండింటికీ తేడా మీటర్‌తో పట్టుకున్న కుర్రాడికి బయాస్ అంటే ఏంటో ఇక వైవాలో అడగక్కర్లేదు. సెమిస్టర్‌కి పన్నెండులో రెండు ప్రయోగాలు ఇలా పెట్టినా చాలు.

ఇంకో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. “రిపేర్ చేయడానికి ఇంజినీరింగ్ ఎందుకురా, ఐటీఐ చాలు కదా.” ఈ మాట మా హాస్టల్లో చాలాసార్లు విన్నాను, ఒకప్పుడు నేనే అన్నాను కూడా. ఆ రోజు ఆ బల్ల ముందు కూర్చున్నాక మళ్ళీ అనలేను. అనుమానితుల్ని సగానికి సగం కొట్టేస్తూ రావడం, ఒకేసారి ఒక్కటే మార్చి చూడడం, వాడుకలో ఉండే ఒత్తిడి కిందే వస్తువుని పరీక్షించడం, కొలిచింది లెక్కతో సరిపోయిందో లేదో సరిచూసుకోవడం. ఇది ఇంజినీరింగ్ కాకపోతే మరేది ఇంజినీరింగ్? సిగ్గుపడాలంటే, పనిముట్లు చేతికిచ్చినా ముందు చందాలు పోగేసిన మమ్మల్ని చూసి సిగ్గుపడాలి.

మార్చడం అన్నివేళలా తప్పని కూడా అనను. ఆ పెద్దాయన కూడా చివరికి కెపాసిటర్ మార్చారు. కాకపోతే ఎందుకు మారుస్తున్నారో తెలిసి మార్చారు. తెలియకుండా మారిస్తే అదృష్టం బాగుంటే బాగవుతుంది, బాగుపడ్డా మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. బాగోకపోతే కొత్తది కూడా కాలుతుంది.

మా ప్రయత్నం మేం మొదలుపెట్టాం. బీరువా మీదున్న కిట్లలో ఐదింటిని సార్ సంతకం పెట్టి మాకిచ్చారు. “పోయినవే కదా, ఇంకేం పాడుచేస్తారు” అంటూనే ఇచ్చారు, అదే పదివేలు. శనివారం మధ్యాహ్నాలు మ్యూజిక్ రూమ్‌లో కూర్చుంటున్నాం. ఒక నోట్‌బుక్ పెట్టాం. అందులో నాలుగు గడులు: ఏం విన్నాం లేదా ఏం చూశాం, ఏది అనుమానం, ఏం కొలిచాం, ఏది కాదని తేలింది. మొదటి గడిలో ‘పనిచేయట్లేదు’ అని రాయకూడదన్నది ఒక్కటే రూలు. ఇప్పటికి ఐదులో రెండు కిట్లు లేచాయి. ఒకదానిలో పోయింది పొటెన్షియోమీటర్, ఇంకోదానిలో సోల్డర్ వదిలిన ఒక్క చుక్క. మూడోది మమ్మల్ని ఇంకా ఏడిపిస్తోంది. మీ గదిలో మూలనపడ్డ స్పీకరో, ఇయర్‌ఫోనో, చార్జరో ఉంటే అడగండి, ఏ బ్రాంచ్ వాళ్ళయినా రావచ్చు. కరెంటు ప్లగ్‌కి సంబంధించినవి మాత్రం సార్ ఉన్నప్పుడే విప్పుతాం.

యాంప్ వెనక మూత లోపల ఒక కాగితం అంటించాం. ఏ పిన్ దగ్గర ఎన్ని వోల్టులుండాలో, ఆ రోజు ఎన్ని ఉన్నాయో, ఏ కెపాసిటర్లు మార్చామో, తారీఖుతో సహా తెలుగులో రాసి పెట్టాం. పైన మాత్రం ఆ పెద్దాయన తన చేత్తో ఒక ముక్క రాశారు: “మూడొందల వోల్టులు. ముందు మీటర్, తర్వాత చెయ్యి.” మేం పాసై వెళ్ళిపోయాక దీన్ని విప్పే జూనియర్ ఎవరైనా, మాలాగా ట్యూబుల దగ్గర మొదలుపెట్టక్కర్లేదు.